ఇరుగుపొరుగు తేల్చే బతుకు: సజీవ కణజాలంలో కణాల పోటీ

విశాఖపట్నంలో ఎం.వి.పి. కాలనీ రైతుబజారుకు వెళ్లినా, పూర్ణా మార్కెట్టుకు వెళ్లినా, మగ్గిపోయిన అరటిగెలల మీదా పనసతొనల మీదా నువ్వుగింజంత ఈగలు ముసిరి కనిపిస్తాయి. చేత్తో తోలేస్తే లేచి, మరుక్షణం మళ్లీ అక్కడే వాలతాయి. ఆ కుటుంబానికే చెందిన డ్రోసోఫిలా మెలనోగాస్టర్ అనే పండు ఈగను జన్యుశాస్త్రం చదివేవారు నూరేళ్లకు పైగా సీసాల్లో పెంచుతున్నారు. ఒక కణం బతకాలా చావాలా అన్నది దాని సొంత ఆరోగ్యం మీద మాత్రమే ఆధారపడదని, దాని పక్కన ఎవరున్నారన్న దాని మీద కూడా ఆధారపడుతుందని మొట్టమొదట తెలిసింది ఈ ఈగలోనే. కణాల పోటీ అని పేరు పడిన ఈ ప్రక్రియ ఆ తర్వాత ఎలుక పిండంలోనూ కనిపించింది. దాని ఆనవాళ్లు మనిషి చర్మంలోనూ అన్నవాహికలోనూ దొరుకుతున్నాయి. ఉత్తరాంధ్ర తీరంలో అడ్డపొగ (చుట్ట కాలే కొసను నోటి లోపల పెట్టుకుని తాగడం) తాగినవారి అంగిట్లో ఏం జరుగుతూ ఉండవచ్చో ఆలోచించడానికి కూడా ఇది పనికివస్తుంది.

ముందు ఆ ఈగ దగ్గరికే వెళ్లాలి. మొక్కజొన్న పిండి, బెల్లం, ఈస్టు, అగర్ కలిపి ఉడికించిన మేత సీసా అడుగున ఉంటుంది. గుడ్డులోంచి వచ్చిన లార్వా అందులో తలదాకా మునిగి తింటూ, సుమారు ఐదో రోజుకు మేత వదిలేసి సీసా గోడ ఎక్కుతుంది. ప్యూపాగా మారడానికి పొడి చోటు వెతుక్కుంటున్న ఆ లార్వాను ఉప్పునీటి బొట్టులో వేసి, రెండు సన్నని పట్టకార్లతో సగానికి తెంపి, ముందు భాగాన్ని మేజోడు తిరగేసినట్టు తిరగేస్తే, గాలిగొట్టాలను అంటుకుని రెండు పలుచని పొరలు కనిపిస్తాయి. నీటిబొట్టు ఆకారంలో, అర మిల్లీమీటరు కూడా లేని ఆ పారదర్శకమైన సంచే రేపటి రెక్క. దీన్ని రెక్క చక్రిక అంటారు. లార్వా పుట్టినప్పుడు అందులో యాభైకి మించని కణాలు ఉంటాయి. నాలుగైదు రోజుల్లో అవి 30,000 నుంచి 50,000 దాకా పెరుగుతాయి. ఇంత వేగంగా పెరిగే చోట ఏ కణం సంతతి ఎంత భాగాన్ని ఆక్రమించిందో రంగుగుర్తులతో చూడవచ్చు కాబట్టే, కణాల మధ్య పోటీని పసిగట్టడానికి ఇంతకంటే అనువైన చోటు దొరకలేదు.

ఈ ఈగల్లో ‘మైన్యూట్’ అనే ఉత్పరివర్తనాల, అంటే జన్యువుల్లో వచ్చిన మార్పుల, గుంపు ఒకటి ఉంది. 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో థామస్ హంట్ మోర్గాన్ ప్రయోగశాలలోనే వీటిని గుర్తించారు. ఇలా మార్పు వచ్చిన జన్యువు రెండు ప్రతులూ చెడితే ఈగ పుట్టదు. ఒక ప్రతి మాత్రమే చెడితే ఈగ బతుకుతుంది, ఎగురుతుంది, సంతానాన్ని ఇస్తుంది. కాకపోతే ఎదగడానికి మామూలు ఈగ కంటే ఎక్కువ కాలం తీసుకుంటుంది, దాని వీపు మీది ముళ్లవెంట్రుకలు పొట్టిగా సన్నగా ఉంటాయి. ఈ జన్యువుల్లో చాలా వరకు రైబోజోమ్ తయారీకి కావలసిన ప్రోటీన్లవని తర్వాత తేలింది. రైబోజోమ్ అంటే కణంలో ప్రోటీన్లు తయారయ్యే యంత్రం. యంత్రాలు తగ్గితే ఉత్పత్తి నెమ్మదిస్తుంది, కణవిభజన నెమ్మదిస్తుంది. ఇంతవరకు ఆశ్చర్యపడవలసిందేమీ లేదు.

ఆశ్చర్యం 1975లో ఎదురైంది. మాడ్రిడ్‌లో పనిచేస్తున్న హినెస్ మొరాటా, పెద్రో రిపోల్ అనే శాస్త్రవేత్తలు ఎక్స్‌కిరణాల సాయంతో ఒకే రెక్క చక్రికలో రెండు రకాల కణాలు పక్కపక్కన ఉండేలా చేశారు: కొన్ని మైన్యూట్ కణాలు, మిగిలినవి మామూలు కణాలు. నెమ్మదిగా పెరిగే మైన్యూట్ కణాల సంతతి పూర్తయిన రెక్కలో చిన్న మచ్చగానైనా మిగులుతుందని ఎవరైనా అనుకుంటారు. అయితే లార్వా దశ తొలినాళ్లలోనే పుట్టించిన మైన్యూట్ మచ్చలు రెక్క పూర్తయ్యేసరికి కనిపించకుండా పోయాయి. అవి వెనకబడిపోవడమే కాదు, మధ్యలోనే తుడిచిపెట్టుకుపోయాయి. ఇవే కణాలు తమలాంటి కణాల మధ్య ఉంటే ఈగ మొత్తాన్ని నిర్మించగలవు. మామూలు కణాల మధ్య పడితే మాత్రం నాలుగు రోజులు నిలవలేవు. ఇంట పులి, వీధిలో పిల్లి అన్న సామెత ఇక్కడ అక్షరాలా నిజమైంది.

ఈ ఫలితంలో ఉన్న లోతును గుర్తించాలంటే, అంతకుముందు కణమరణాన్ని ఎలా అర్థం చేసుకునేవారో తలచుకోవాలి. కణం చెడితే చస్తుంది, బాగుంటే బతుకుతుంది. కారణం దానిలోనే ఉంటుంది అన్నది అప్పటి సాధారణ అవగాహన. మైన్యూట్ కణం ఆ లెక్కలో ఇమడదు. చావుకు కారణం దాని లోపల లేదు, పొరుగు కణం లోపల కూడా లేదు. రెండింటి మధ్య ఉన్న తేడాలో ఉంది. పట్టుకుని పరీక్షించడానికి దొరకని ఇలాంటి కారణాన్ని వివరించడం కష్టం కావడంతోనేమో, తర్వాతి పాతికేళ్లపాటు ఈ విషయం ఈగల మీద పనిచేసే కొద్దిమందికే పరిమితమై ఉండిపోయింది. ఆ కొద్దిమంది చేసిన పరిశీలనల్లో ఒకటి ఇక్కడ చెప్పుకోదగినది: లార్వాకు మేత తగ్గించి అన్ని కణాల పెరుగుదలనూ నెమ్మది చేస్తే పోటీ కూడా మెత్తబడింది. తేడా తగ్గితే వేటు తగ్గుతుందన్నమాట.

రెక్క చక్రికలో ముందు భాగానికీ వెనక భాగానికీ మధ్య కంటికి కనిపించని సరిహద్దు ఒకటి ఉంటుంది. ఒక వైపు కణాల సంతతి రెండో వైపుకు దాటదు. మైన్యూట్ కణాలతో నిండిన చక్రికలో ఒక్క మామూలు కణాన్ని పుట్టిస్తే, దాని సంతతి చుట్టూ ఉన్న మైన్యూట్ కణాలను తొలగించుకుంటూ ఆ భాగంలో అధిక శాతాన్ని ఆక్రమిస్తుంది. సరిహద్దు రాగానే గీత గీసినట్టు ఆగిపోతుంది. సరిహద్దుకు అవతల ఉన్న బలహీన కణాలకు ఏమీ కాదు. అంతకంటే ముఖ్యమైన సంగతి, ఇంత అల్లకల్లోలం జరిగినా చివరికి తయారైన రెక్క మామూలు పరిమాణంలో, మామూలు ఆకారంలో ఉంటుంది. కొలతలు పట్టుకుని చూసేవారికి లోపల ఒక వంశం మరో వంశాన్ని తుడిచిపెట్టిందని తెలియనే తెలియదు. అవయవం తన కొలతను కాపాడుకుంటుంది. ఆ కొలతలో ఎవరి వాటా ఎంత అన్నదే లోపల తేలుతుంది.

2004లో రెండు బృందాలు విడివిడిగా ప్రకటించిన ఫలితం ఈ రంగాన్ని ఒక్కసారిగా క్యాన్సర్ పరిశోధకుల దృష్టికి తెచ్చింది. మిక్ అనే జన్యువు కణం పెరుగుదలకు పగ్గాలు పట్టే జన్యువు. మనిషికి వచ్చే ఎన్నో క్యాన్సర్లలో దాని చురుకు హద్దు మీరి ఉంటుంది. ఈగ రెక్క చక్రికలో కొన్ని కణాలకు మాత్రమే మిక్ మోతాదు పెంచితే, వాటి పక్కన ఉన్న పూర్తి ఆరోగ్యవంతమైన మామూలు కణాలు చనిపోయాయి. మైన్యూట్ ప్రయోగంలో గెలిచిన మామూలు కణమే ఇక్కడ ఓడిన కణం. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు, దాని జన్యువుల్లో ఏ లోపమూ లేదు. పక్కకు మరింత చురుకైనది వచ్చింది, అంతే. ఇలా మామూలు కణాలను సైతం ఓడించే కణాలను అతిపోటీదారులు అంటున్నారు. ఈ ప్రయోగంలోనూ రెక్క పరిమాణం మారలేదు. క్యాన్సర్‌కు దారితీయగల మార్పు ఉన్న కణాలు బయటికి గడ్డ కనిపించకుండానే ఒక ప్రాంతాన్నంతా చేజిక్కించుకోగలవని దీని అర్థం, వైద్యులకు ఇది ఆందోళన కలిగించే సంగతి.

ఇక్కడ మాటల విషయంలో కొంచెం జాగ్రత్త అవసరం. పోటీ, గెలుపు, ఓటమి అన్న మాటలు వాడకుండా ఈ విషయం చెప్పడం కుదరదు, కానీ కణానికి గెలవాలన్న తపన ఏదీ ఉండదు. అన్నం కోసం ఇద్దరు కొట్టుకుంటే బలహీనుడు పస్తుండి పోయినట్టుగా ఓడిన కణం పోదు. చాలా సందర్భాల్లో అది తనలోనే ఉన్న స్వీయ మరణ యంత్రాంగాన్ని నడిపించుకుని, కాస్పేజులనే ఎంజైములతో తనను తాను ముక్కలు చేసుకుంటుంది. ఆ యంత్రాంగాన్ని ప్రయోగశాలలో అడ్డుకుంటే ఓడవలసిన కణం బతికే ఉంటుంది. అంటే అది బతకలేక చావలేదు. పొమ్మన్న సందేశం అందుకుని పోయింది. ఆ సందేశం ఏమిటన్నదే ఇన్నేళ్లుగా ఈ రంగంలో జరుగుతున్న అసలు చర్చ.

ఒక వాదన ప్రకారం కణాలు పెరుగుదలను ప్రోత్సహించే సంకేత అణువుల కోసం పోటీ పడతాయి. అవి తక్కువ అందిన కణం వెనకబడి, మరణ సంకేతాలకు లోనవుతుంది. మరో వాదన ప్రకారం కణం తన ఆరోగ్యస్థితిని ఉపరితలం మీద ఒక గుర్తుగా ప్రదర్శిస్తుంది. ‘ఫ్లవర్’ అనే ప్రోటీన్‌కు కొద్ది తేడాలతో కొన్ని రూపాలు ఉన్నాయని, ఓడిపోయే కణం మీద ఒక రకం రూపం తేలుతుందని 2010లో ఎడ్వర్డో మొరేనో బృందం ఈగల్లో చూపింది. మనిషి కణాల్లోనూ ఇలాంటి రూపాలు ఉన్నాయని 2019లో అదే బృందం ప్రకటించింది. అయితే అన్ని రకాల పోటీల్లోనూ ఇదే గుర్తు పనిచేస్తుందని చెప్పడం తొందరపాటు అవుతుంది. మైన్యూట్ కణాల విషయంలో ఎక్స్‌ఆర్‌పీ1 అనే ప్రోటీన్ కీలకమని 2018 నాటికి తేలింది. దాన్ని తొలగిస్తే మైన్యూట్ కణాలు పొరుగు కణాల పక్కన కూడా నిలదొక్కుకుంటాయి. సూక్ష్మజీవులతో పోరాడటానికి వాడే టోల్ సంకేతమార్గపు భాగాలను కూడా కణజాలం ఈ పనికి ఉపయోగించుకుంటున్నట్టు 2014లో బయటపడింది. ఒకే ఫలితానికి చాలా దారులు ఉన్నాయని ఒప్పుకోవడమే ప్రస్తుతానికి నిజాయితీ గల సమాధానం.

ఈ దారుల్లో ఊహించుకోవడానికి సులువైనది నొక్కుడు. కుక్క మూత్రపిండం నుంచి 1958లో తీసి, నేటికీ ప్రపంచమంతా పెంచుతున్న ఎండీసీకే కణాలు గాజుపలక మీద పక్కపక్కన అమరి, గచ్చు పరిచినట్టు ఒకే పొరగా నిలుస్తాయి. వాటిలో కొన్నిటికి స్క్రిబుల్ అనే ప్రోటీన్‌ను తగ్గిస్తే అవి విడిగా ఉన్నప్పుడు బాగానే ఉంటాయి. మామూలు కణాల మధ్య పడితే మాత్రం చుట్టూ నుంచి ఒత్తిడికి గురై ముద్దగా కుంచించుకుపోతాయి. ఆ ఒత్తిడికి వాటిలో పీ53 అనే ప్రోటీన్ మోతాదు పెరిగి, అవి చనిపోతాయి. రసాయన సంకేతం అవసరం లేకుండా కేవలం ఇరుకు చాలునని 2016లో వెలువడిన ఈ పరిశోధన చూపింది. సాయంత్రం వేళ జగదాంబ కూడలిలో కిక్కిరిసిన సిటీ బస్సులో ఒకరు ఊపిరాడక దిగిపోతే, మిగిలినవారు ఆ ఇరుకులోనే గమ్యం దాకా వెళ్లినట్టు, ఒకే ఒత్తిడిని ఒక రకం కణం ఓర్చుకుంటుంది, మరో రకం ఓర్చుకోలేదు.

ఇదే ఎండీసీకే పొరలో యసుయుకి ఫుజితా బృందం 2009లో ప్రకటించిన మరో ప్రయోగం ఉంది. రాస్ అనే జన్యువు హద్దు మీరి పనిచేస్తే కణం క్యాన్సర్ దారి పడుతుంది. పొరలోని కణాలన్నిటిలో రాస్‌ను ఒకేసారి చురుకు చేస్తే ఏ కణమూ కదలలేదు. చుట్టూ మామూలు కణాలు ఉండగా ఒక్క కణంలో మాత్రమే చురుకు చేస్తే, గంటలు గడిచేకొద్దీ ఆ కణం ఎత్తుగా ఉబ్బి, పక్క కణాల పట్టు సడలి, పొర పైకి గెంటివేయబడింది. సూక్ష్మదర్శిని కింద తీసిన చిత్రాల్లో ఆ కణం వేలికొసతో నొక్కిన తాటిముంజె తొక్కలోంచి పైకి లేచినట్టు లేస్తుంది. అది వదిలిన ఖాళీ మీదికి పొరుగు కణాలు చేరి, పొర ఎక్కడా చిరగకుండా మూసేస్తాయి. గెంటేసే పని చేసింది రక్తంలో తిరిగే రోగనిరోధక కణాలు కాదు, పక్కనున్న మామూలు కణాలే. ఉపకళా కణజాలానికి, అంటే చర్మం, పేగు, నోరు వంటి చోట్ల పైపూతగా ఉండే కణజాలానికి, సొంత కాపలా ఉందని చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఆధారం అక్కరలేదు.

ఈ కాపలా మొదలయ్యేది పుట్టుకకు ఎంతో ముందు. ఎలుక పిండంలో ఐదున్నర రోజుల నుంచి ఆరున్నర రోజుల మధ్య, శరీరం మొత్తానికి మూలమైన కణాల్లో సుమారు 35 శాతం తొలగిపోతాయని అంచనా. కొద్ది వందల కణాలు మాత్రమే ఉన్న దశలో మూడో వంతును వదులుకోవడం మొదట వృథాగా తోచవచ్చు. ఆ వదిలిన కణాలను పరిశీలిస్తే కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా పనితీరు దెబ్బతిన్నవి వాటిలో ఎక్కువగా ఉన్నాయి. 2013లో మళ్లీ మాడ్రిడ్ నుంచే వచ్చిన ఒక పరిశోధన, పిండంలో మిక్ మోతాదు కణానికీ కణానికీ సహజంగానే తేడాగా ఉంటుందని, తక్కువ ఉన్న కణాలను ఎక్కువ ఉన్న పొరుగు కణాలు తొలగించి మింగేస్తాయని చూపింది. మనిషి చేతితో పెట్టిన మార్పు ఏదీ లేకుండా, ప్రకృతిలో తనంతట తానుగా ఈ పోటీ జరుగుతుందని అప్పటికి రుజువైంది. శరీరంలో ఒక్కో కణం నుంచి ఎన్నో కోట్ల కణాలు పుట్టబోయే దశలో జరిగే ఏరివేత ఇది. నారుమడిలోనే తాలు మొలకను తీసేసే రైతుకు దీని విలువ వివరించనక్కరలేదు.

మైన్యూట్ కణాల చావుకు ప్రకృతిలో ప్రయోజనం ఏమిటన్న ప్రశ్నకు అప్పట్లో న్యూయార్కులో పనిచేసిన నికొలస్ బేకర్ చెప్పిన సమాధానం ఈ రంగంలో ఎంతో అందమైన ఆలోచన. రైబోజోమ్ ప్రోటీన్ల జన్యువులు మనిషిలో సుమారు 80 ఉన్నాయి, ఒకచోట గుంపుగా లేవు. క్రోమోజోముల మీద దాదాపు అంతటా చెల్లాచెదురుగా పరచుకుని ఉన్నాయి. కణవిభజనలో పొరపాటు జరిగి ఒక క్రోమోజోమ్ గానీ దానిలో పెద్ద ముక్క గానీ పోతే, దానితోపాటు ఏదో ఒక రైబోజోమ్ జన్యువు ప్రతి కూడా పోయే అవకాశం చాలా ఎక్కువ. అప్పుడు ఆ కణం మైన్యూట్ కణంలా మారుతుంది, పొరుగు కణాలు దాన్ని గుర్తించి తొలగిస్తాయి. క్రోమోజోములను ఒక్కొక్కటిగా లెక్కపెట్టే యంత్రాంగం లేకపోయినా లెక్క తప్పిన కణం దొరికిపోతుంది. 2021లో ఈగల మీద జరిగిన ప్రయోగాలు ఈ ఆలోచనను గట్టిగా బలపరిచాయి. క్రోమోజోముల లెక్క తప్పడం క్యాన్సర్ కణాల ముఖ్య లక్షణాల్లో ఒకటి కాబట్టి, 1975 నాటి ఆ చిన్న మచ్చలు ఎంత పెద్ద విషయాన్ని చూపించాయో ఇప్పుడు అర్థమవుతోంది.

పోటీ ఆగిపోతే ఏమవుతుందో రోగనిరోధక కణాలు ఎదిగే థైమస్ గ్రంథిలో, ఎలుకల మీద జరిగిన పరిశోధనలో తెలిసింది. ఎముక మూలుగ నుంచి కొత్త కణాలు వస్తూ ఉన్నంతకాలం అవి థైమస్‌లో ఉన్న పాత కణాలను తప్పిస్తూ ఉంటాయి. కొత్త కణాల రాకను అడ్డుకుంటే పాత కణాలు వారాల తరబడి అక్కడే ఉండిపోయి, తమను తామే పునరుత్పత్తి చేసుకుంటూ చివరికి రక్త క్యాన్సర్‌గా మారాయి. హైడెల్‌బర్గ్‌లోని హన్స్ రైమర్ రోడెవాల్డ్ బృందం 2014లో ఈ ఫలితాన్ని ప్రకటించింది.

వయసు మీద పడిన శరీరంలో కథ ఇంత సూటిగా సాగదు. 2018లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, క్యాన్సర్ లేని మనుషుల అన్నవాహిక పొరను చిన్నచిన్న ముక్కలుగా చేసి జన్యువులను చదివారు. నడివయసు దాటినవారిలో ఆ పొరలో 30 నుంచి 80 శాతం కణాల్లో నాచ్1 అనే జన్యువులో ఉత్పరివర్తనం ఉంది. కంటికి పూర్తిగా ఆరోగ్యంగా కనిపించే కణజాలం నిజానికి గెలిచిన కణవంశాలు అతికిన బొంతలా మారిపోయింది. నాచ్1 ఉత్పరివర్తనం క్యాన్సర్‌కు తోడ్పడుతుందని అప్పటిదాకా అనుకునేవారు. అన్నవాహిక క్యాన్సర్ గడ్డల్లో మాత్రం ఆ మార్పు అంతకంటే ఎంతో తక్కువగా, సుమారు 10 శాతంలోనే కనిపించింది. పొరుగు కణాలను ఓడించే శక్తి వేరు, గడ్డగా మారే శక్తి వేరు అన్నది ఈ అంకెల నుంచి తేటతెల్లమవుతుంది. ఈ తేడాను పట్టించుకోకుండా ఉత్పరివర్తనం అనగానే క్యాన్సర్ అనే అలవాటు వార్తల్లో బలంగా ఉంది. దాన్ని సరిదిద్దడానికి ఈ ఒక్క పరిశోధన చాలు.

2021లో కేంబ్రిడ్జ్‌లోని ఫిలిప్ జోన్స్ బృందం మరో అడుగు ముందుకు వేసింది. క్యాన్సర్ కారక రసాయనం ఇచ్చిన ఎలుకల అన్నవాహికలో వందలాది అతి చిన్న గడ్డలు పుట్టాయి, కానీ వాటిలో చాలా భాగం కొద్ది వారాల్లోనే కనుమరుగయ్యాయి. రోగనిరోధక వ్యవస్థ వాటిని తొలగించలేదు. చుట్టూ ఉన్న పొరలో బలమైన ఉత్పరివర్తనాలతో విస్తరిస్తున్న కణవంశాలు వాటిని పొరలోంచి నెట్టేశాయి. క్యాన్సర్ కాని ఉత్పరివర్తన కణం, క్యాన్సర్ కాగల కణాన్ని ఓడించింది. పేగులో ఇందుకు వ్యతిరేకమైన ఉదాహరణ ఉంది: ఏపీసీ జన్యువు పోయిన మూలకణాలు (పొరకు కొత్త కణాలను పుట్టించే కణాలు) నోటమ్ అనే అణువును విడుదల చేసి పక్క మూలకణాలు తమ స్థానం కోల్పోయేలా చేస్తాయని అదే ఏడాది తేలింది, పెద్దపేగు క్యాన్సర్లలో అత్యధికం మొదలయ్యేది ఆ జన్యువు దెబ్బతినడంతోనే.

ఎవరు గెలుస్తారన్నది పరిసరాలను బట్టి మారుతుంది అన్న సంగతి ఇక్కడ ముందుకు వస్తుంది. అతినీలలోహిత కిరణాలు తగిలే ఎలుక చర్మంలో పీ53 చెడిన కణాలు విస్తరిస్తాయి. తక్కువ మోతాదు వికిరణానికి గురైన ఎలుక అన్నవాహికలోనూ పీ53 చెడిన కణాలకు మేలు జరిగింది. ఆక్సీకరణను అడ్డుకునే మందు ఇస్తే మామూలు కణాలదే పైచేయి అయిందని 2019లో తెలిసింది. ఒకే రెండు రకాల కణాలు, ఒకే పొర. మారింది వాటి చుట్టూ ఉన్న పరిస్థితి.

విశాఖపట్నం నుంచి శ్రీకాకుళం దాకా తీరగ్రామాల్లో ఈ పరిస్థితికి కళ్ల ముందు కనిపించే రూపం ఒకటి ఉంది. చుట్టను వెలిగించి, కాలే కొసను నోటి లోపల పెట్టుకుని తాగే అలవాటును ఇక్కడ అడ్డపొగ అంటారు. సముద్రపు గాలికి చుట్ట ఆరిపోకుండా ఉంటుందని, పని చేస్తున్నప్పుడు నుసి రాలదని ఈ అలవాటుకు కారణాలు చెబుతారు. ఆడవాళ్లలో, ముఖ్యంగా వయసు మళ్లినవారిలో ఇది ఎక్కువ. ఏళ్ల తరబడి అడ్డపొగ తాగినవారిని నోరు తెరవమని టార్చి వేసి చూస్తే, అంగిటి మీద గులాబిరంగు ఉండవలసిన చోట ఎండిన చెరువు మట్టిలా బీటలు పడిన తెల్లని మందపాటి పొర, దాని మీద లాలాజల గ్రంథుల మూతులు వాచి లేచిన ఎర్రని చుక్కలు కనిపిస్తాయి. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థులను పరీక్షించి డెన్మార్క్‌కు చెందిన జెన్స్ పిండ్‌బోర్గ్, భారతీయ వైద్యులు కలిసి 1971లో ప్రచురించిన అధ్యయనం ఈ అంగిటి మార్పులను ప్రపంచ వైద్య సాహిత్యంలో నమోదు చేసింది. అంగిటి గట్టి భాగంలో వచ్చే, మిగతాచోట్ల అరుదైన క్యాన్సర్ ఈ తీరంలో ఎక్కువ కావడానికి అడ్డపొగే కారణమని అప్పటికే వైద్యులు గుర్తించారు.

నిప్పు వేడి, పొగలోని రసాయనాలు కణం జన్యువులను దెబ్బతీస్తాయి అన్నది ఈ క్యాన్సర్‌కు మామూలుగా చెప్పే వివరణ. అది నిజమే, అయితే అది సగం వివరణ మాత్రమే. నోటి క్యాన్సర్ వచ్చిన 783 మంది కణజాలాన్ని పరిశీలించి 1953లో అమెరికా వైద్యుడు డాన్లీ స్లాటర్, ఆయన సహచరులు ఒక సంగతి గమనించారు. గడ్డ చుట్టూ మామూలుగా కనిపించే పొర కూడా సూక్ష్మదర్శిని కింద మామూలుగా లేదు. ఒక్క కణం కాదు, ఒక క్షేత్రమే మారిపోయింది. అందుకే ఒక గడ్డను కోసి తీసేసినా పక్కన మరొకటి పుడుతుంది. ఆ క్షేత్రం ఎలా ఏర్పడుతుందో చెప్పడానికి వారి దగ్గర అప్పుడు సాధనాలు లేవు. కణాల పోటీ గురించి తెలిసిన తర్వాత దాన్ని ఇలా ఊహించడానికి ఆధారాలు ఉన్నాయి: రోజూ కాలే పొర మళ్లీ మళ్లీ కొత్త కణాలతో పూడ్చుకోవాలి, పూడ్చే అవకాశం ఆ వేడినీ విషాన్నీ ఓర్చుకుని విభజన చెందగలిగే కణానికే దక్కుతుంది, మామూలు కణం వెనకబడి స్థలం వదులుతుంది. పొగ ఇక్కడ కణాన్ని చెడగొట్టడంతో ఆగదు, చెడిన కణానికి చోటు కూడా చూపిస్తుంది. అన్నవాహికలో మద్యం, పొగ అలవాటు ఉన్నవారికి ఉత్పరివర్తన కణవంశాలు ఎక్కువగా విస్తరించి ఉంటాయని 2019లో జపాన్ పరిశోధకులు చూపించారు. కాబట్టి అంగిటి విషయంలో ఈ ఊహ గాలిలో మేడ కట్టడం కాదు, కానీ అడ్డపొగ తాగినవారి అంగిటి పొరను అలాగే ముక్కముక్కగా చదివి తేల్చుకోవలసిన విషయం. ఆ పని చేయడానికి ఈ తీరం కంటే తగిన చోటు మరొకటి ఉండదు.

పరిసరం మారితే పోటీ తిరగబడుతుందా అన్న ప్రశ్నకు ఊపిరితిత్తుల నుంచి ఒక సమాధానం వచ్చింది. 2020లో బ్రిటన్ పరిశోధకులు 16 మంది శ్వాసనాళాల పొర నుంచి కణాలను ఒక్కొక్కటిగా తీసి పెంచి, జన్యువులను పూర్తిగా చదివారు. ప్రస్తుతం పొగతాగేవారి కణాల్లో ఒక్కొక్కదానిలో వేల సంఖ్యలో అదనపు ఉత్పరివర్తనాలు ఉన్నాయి. పొగ మానేసినవారిలో మాత్రం, అలాంటి కణాల పక్కనే, ఎన్నడూ పొగ తాగనివారి కణాలతో సమానంగా ఉన్న కణాలు కొన్ని కనిపించాయి. మానేసినవారిలో వాటి వాటా 20 నుంచి 40 శాతం, ఇప్పటికీ తాగుతున్నవారిలో ఉన్నదానికి సుమారు నాలుగు రెట్లు. దశాబ్దాల పొగలో చెక్కుచెదరకుండా ఎక్కడో దాగి ఉన్న ఆ కణాలు, పొగ ఆగాక మళ్లీ పొరను ఆక్రమించుకుంటూ వచ్చాయి. దెబ్బతిన్న కణాలు బాగుపడలేదు. వాటి చోటును బాగున్న కణాలు తీసుకున్నాయి.

అడ్డపొగ మానేసినవారి అంగిటి మీది తెల్లని పొర నెలల్లో పలచబడటం నోటి వైద్యులు ఎప్పటినుంచో చూస్తున్నారు. ఆ పలచబడిన గులాబిరంగు పొర పాత కణాల సంతతో, ఇన్నేళ్లు పక్కన అణిగి ఉన్న కణాల సంతతో తేల్చగల పరికరాలు ఇప్పుడు ఉన్నాయి. ఆ పొర నుంచి సేకరించవలసిన నమూనా ఆవగింజంత.